జర్మనీలో మొదటి ఏడాది: భాష నేర్చుకోవాలా, దొరికిన ఉద్యోగంలో చేరాలా?

కూకట్‌పల్లి_అకౌంట్స్

అందరికీ నమస్కారం. మా ఆయనకు స్టుట్‌గార్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. బ్లూకార్డ్ (చదువుకున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే పర్మిట్) మీద ఆయన ముందు వెళ్తారు, రెండు మూడు నెలల తర్వాత నేను వెళ్తాను. నేను హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. జీఎస్టీ రిటర్నులు, వెండర్ పేమెంట్లు, ఏడాది చివర ఆడిట్ పని అంతా నా చేతి మీదుగానే జరుగుతుంది. మాకు ఇంకా పిల్లలు లేరు.

మా ఇంట్లో నడుస్తున్న వాదన ఇది. మొదటి ఏడాది ఉద్యోగం జోలికి పోకుండా జర్మన్ బీ1 దాకా, కుదిరితే బీ2 దాకా చదవాలని నా ఆలోచన (భాష మెట్లు వరసగా ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1 అని ఉంటాయి). "వెళ్లగానే ఇంగ్లీషుతో నడిచే పని ఏదో ఒకటి చూసుకో, భాష సాయంత్రాలు నేర్చుకోవచ్చు" అని ఆయన అంటున్నారు. ఆయన భయం నాకు అర్థమవుతుంది. మియాపూర్ ఫ్లాట్ లోను ఇద్దరి జీతాలూ చూసుకుని తీసుకున్నాం, ఈఎంఐ ఆగదు కదా. మా అత్తగారేమో "అంత దూరం పోయి ఏడాది ఊరికే కూర్చుంటావా" అన్నారు. ఆ మాటకు చాలా బాధేసింది.

ఇంకో ఆలోచన కూడా ఉంది. ఇప్పటి ఉద్యోగాన్నే అక్కడి నుంచి ఆన్‌లైన్‌లో చేయడం. మా మేనేజర్ ఒప్పుకునేలా ఉన్నారు. అక్కడ స్థిరపడ్డవాళ్లు దయచేసి మీ అనుభవం చెప్పండి.

నెక్కర్_తీరం

ముందు ఆ చివరి ఆలోచన గురించి చెబుతానమ్మా, చాలామంది దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. మీరు జర్మనీలో చిరునామా నమోదు చేసుకుని, అక్కడే కూర్చుని పని చేస్తే, జీతం హైదరాబాద్ ఖాతాలో పడినా దానికి పన్ను జర్మనీలో కట్టాలి. పెన్షన్, ఆరోగ్య బీమా కోతలు కూడా అక్కడి లెక్కలోకే వస్తాయి. అంటే మీ కంపెనీ జర్మనీలో యజమానిగా నమోదు చేసుకోవాల్సి రావచ్చు. మేనేజర్ ఒప్పుకోవడం వేరు, కంపెనీ లీగల్ వాళ్లు ఒప్పుకోవడం వేరు. కాగితం మీద తేలకుండా ఆఫీసు లాప్‌టాప్ పట్టుకుని విమానం ఎక్కకండి.

ఇక అసలు ప్రశ్న. బ్లూకార్డ్ ఉన్న మనిషి భార్యగా వస్తున్నారు కాబట్టి వీసాకు ముందే ఏ1 పాసవ్వాలన్న షరతు మీకు లేదు. ఏ ఉద్యోగమైనా చేయవచ్చు, దానికి వేరే పర్మిట్ అక్కర్లేదు. అమెరికాలో భర్త వెనక హెచ్4 వీసా మీద వెళ్లి పని చేసే అనుమతి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన మన ఆడపిల్లల్ని తలుచుకుంటే ఇది ఎంత పెద్ద వెసులుబాటో తెలుస్తుంది.

కానీ చట్టం అనుమతిస్తే సరిపోదు, ఎవరో ఒకరు తీసుకోవాలి కదా. అకౌంట్స్‌లో వచ్చే ఇన్వాయిస్ జర్మన్‌లో ఉంటుంది, పన్ను ఆఫీసు ఉత్తరం జర్మన్‌లో ఉంటుంది, చిన్న కంపెనీలూ ఆడిటర్లూ వాడే డాటెవ్ సాఫ్ట్‌వేర్ కూడా జర్మన్‌లోనే. మీకు తెలిసిన పని మాత్రం వృథా కాదు. అక్కడి అమ్మకపు పన్నుకు ముఖ్యంగా 19 శాతం, 7 శాతం అని రెండు రేట్లుంటాయి, కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మినప్పటి పన్నులోంచి తగ్గించుకునే పద్ధతి జీఎస్టీ చేసినవాళ్లకు కొత్తేం కాదు. పని తెలిసి కూడా ఇంటర్వ్యూలో చెప్పలేకపోతే ఏం లాభం? నా ఓటు భాషకే.

మ్యూనిక్_బావ

పన్ను విషయంలో నెక్కర్ అన్నయ్య చెప్పింది అక్షరాలా నిజం. "నా ఓటు భాషకే" అన్నదాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

ఒక్క జీతంతో మొదటి ఏడాది ఎలా ఉంటుందో ఇక్కడ ఎవరూ చెప్పడం లేదు. ఇల్లు దొరకడానికే నెలలు పడుతుంది. దొరికాక మూడు నెలల అద్దె దాకా డిపాజిట్ కట్టాలి. తాళం తీసి లోపలికి వెళ్తే చాలా ఇళ్లలో వంటగది అనేదే ఉండదు. గది ఉంటుంది, గోడలోంచి నీళ్ల పైపు, కరెంటు తీగ బయటికి వచ్చి ఉంటాయి, అంతే. సింకు, పొయ్యి, అలమరాలు మనమే కొని బిగించుకోవాలి. లేదంటే ఖాళీ చేసి వెళ్లేవాళ్ల దగ్గర వాళ్ల పాత వంటగదిని బేరమాడి కొనుక్కోవాలి. చాలా ఇళ్లలో సీలింగుకు బల్బులు కూడా ఉండవు. ఇవన్నీ అయ్యేసరికి హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న డబ్బు కరిగిపోతుంది.

భర్తకు ఆ సమయంలో మామూలుగా ఆరు నెలల ప్రొబేషన్ నడుస్తుంటుంది. అప్పుడు రెండు వారాల నోటీసిచ్చి పంపేయవచ్చు. ఇంట్లో రెండో జీతం లేకపోతే ఆ ఆరు నెలలూ ఆ మనిషికి రాత్రి నిద్ర పట్టదు. నాకు పట్టలేదు.

మా ఆవిడ వచ్చిన కొత్తలోనే ఆన్‌లైన్ కంపెనీలో ఇంగ్లీషు కస్టమర్ సపోర్ట్ పనిలో చేరింది. అది ఆవిడ చదువుకు తగ్గ పని కాదు. అయినా పన్నెండు నెలలు ఉద్యోగం చేసి కోతలు కడితే నిరుద్యోగ భృతికి అర్హత వస్తుంది. పెన్షన్ ఖాతా మొదలవుతుంది. రెజ్యూమేలో జర్మన్ కంపెనీ పేరు పడుతుంది. భాష సాయంత్రాలు వీహెచ్‌ఎస్‌లో, అంటే ఊళ్లో పెద్దల కోసం నడిపే బడిలో నేర్చుకుంది. నెమ్మదిగానే, కానీ వచ్చింది.

లెక్కల_టీచర్

మ్యూనిక్ బావగారూ, మీ ఇంట్లో సాయంత్రం చదువు సాగినందుకు సంతోషం. అది అందరికీ కుదరదని చెప్పడానికే రాస్తున్నాను.

నేను గుంటూరు దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఊళ్లో అప్పు తీర్చాల్సి ఉండి ఒక గోడౌన్‌లో ప్యాకింగ్ పనికి వెళ్లాను. పొద్దున చీకటితో షిఫ్టు. నిలబడి పెట్టెలకు టేపు వేయడం, లేబుల్ అంటించడం, బెల్టు మీదికి తోయడం. అక్కడ అవసరమైన జర్మన్ పది మాటలకు మించదు. సాయంత్రం ఆరున్నరకు భాష క్లాసు. హీటర్ వేడికి కళ్లు వాలిపోయేవి. పక్కన కూర్చునే సిరియా అమ్మాయి మోచేత్తో పొడిచి లేపేది. అలా ఎంత కాలం చదివినా ఏ2 దాటలేదు.

అప్పు తీరాక పని మానేసి పొద్దుటిపూట ఇంటిగ్రేషన్ కోర్సులో చేరాను. దాని గురించి తెలియనివాళ్లకు చెబుతున్నాను. 45 నిమిషాల పీరియడ్లు 600 భాషకు, ఆ పైన 100 ఇక్కడి చట్టం, చరిత్ర, సమాజం గురించి. చివర బీ1 పరీక్ష. భార్యగానో భర్తగానో వచ్చి, ఏడాదికి మించిన రెసిడెన్స్ పర్మిట్ మొదటిసారి తీసుకునేవాళ్లకు మామూలుగా ఈ కోర్సులో చేరే హక్కు ఉంటుంది. విదేశీయుల ఆఫీసులో కార్డు కోసం వెళ్లిన రోజే అడిగి ఆ కాగితం తీసుకోండి. ఖర్చులో దాదాపు సగం ప్రభుత్వమే పెట్టుకుంటుంది.

ఆ క్లాసులో ఉక్రెయిన్ డాక్టరు, బ్రెజిల్ నుంచి వచ్చిన వంటాయన, టర్కీ ముసలావిడ ఉండేవాళ్లు. మా అందరికీ కలిసిన భాష జర్మన్ ఒక్కటే కాబట్టి టీ తాగేటప్పుడు కూడా అందులోనే మాట్లాడుకోక తప్పేది కాదు. నాకు మాట వచ్చింది అక్కడే. పుస్తకంతో రాలేదు.

ఇప్పుడు ఒక బడిలో మధ్యాహ్నం తర్వాత పిల్లల్ని చూసుకుంటూ వాళ్లకు హోంవర్క్ చేయిస్తాను. ఇక్కడ టీచర్ కావాలంటే సాధారణంగా రెండు సబ్జెక్టులు ఉండాలి, భాష సీ1 పైనే అడుగుతారు. ఆ దారిలో నడుస్తున్నాను. అమ్మా అకౌంట్స్, చేతిలో చదువు, అనుభవం ఉన్న మనిషివి. ఆ పొద్దుటిపూటలను ఎవరికీ ఇవ్వకు.

బెర్లిన్_తెలుగమ్మాయి

నాదో వేరే మాట. జర్మన్ రాకపోతే జర్మనీలో బతకలేం అని కొత్తగా వచ్చేవాళ్లను భయపెట్టకండి. నేను బెర్లిన్‌లో డేటా అనలిస్టుని. ఆఫీసంతా ఇంగ్లీషే. మా టీంలో జర్మన్లే తక్కువ. నేను ఇంతవరకు ఏ2 మీదే నెట్టుకొస్తున్నాను, నాకు నచ్చిన పని చేస్తున్నాను, జీతం బాగుంది. భాష నేర్చుకునే దాకా ఆగి ఉంటే ఈ ఉద్యోగం వేరొకరికి పోయేది.

అయితే ఊరు ముఖ్యం, పని ముఖ్యం. బెర్లిన్ స్టార్టప్‌లు వేరు, స్టుట్‌గార్ట్ ఫ్యాక్టరీ కంపెనీలు వేరు. అక్కా, మీకు ఎస్‌ఏపీ (పెద్ద కంపెనీలు లెక్కలకు వాడే సాఫ్ట్‌వేర్) వచ్చా? వస్తే పెద్ద మల్టీనేషనల్స్‌లో వేరే దేశాల లెక్కలు చూసే టీములు ఉంటాయి, అక్కడ ఇంగ్లీషుతో నడుస్తుంది. అలాంటివి వెతకండి.

ఇంకొకటి అడగాలని ఉంది. ఈ చర్చంతా భాష నేర్చుకోవడం భార్య పని అన్నట్టు సాగుతోంది. మీ ఆయన సంగతేమిటి? బ్లూకార్డ్ మీద పీఆర్‌కు, అంటే శాశ్వత నివాస అనుమతికి, ఏ1 మాత్రమే ఉంటే 27 నెలలు ఆగాలి, బీ1 ఉంటే 21 నెలలకే అడగవచ్చు. ఆయనకూ పరీక్ష ఉంది. ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని చదవండి.

అనంతపురం_ఆటో

స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల కార్ల విడిభాగాల రంగంలో ఉన్నాను కాబట్టి ఒక మాట. ఇక్కడ పరిస్థితి మునుపటిలా లేదు. 2025 సెప్టెంబరులో బాష్ ఒక్కటే మరో 13,000 ఉద్యోగాలు తగ్గిస్తామని ప్రకటించింది. సరఫరాదారుల మీద ఆధారపడ్డ సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టులూ తగ్గాయి. మీవారి ఉద్యోగం ఏ రంగంలోనో మీరు రాయలేదు. కార్ల రంగమైతే ఇంకా ఆలోచించాలి.

ఇదే విషయాన్ని మ్యూనిక్ బావ తన వైపు వాదనగా చెప్పవచ్చు, రెండో జీతం తొందరగా కావాలని. నేను దీన్ని మరోలా చూస్తాను. భర్త ఉద్యోగం పోతే ఇద్దరి పర్మిట్లూ ఇబ్బందిలో పడతాయి. అప్పుడు ఇంటిని ఆదుకునేది ఇంగ్లీషు కాల్‌సెంటర్ జీతమా, లేక బీ2తో ఒక మామూలు జర్మన్ కంపెనీలో పర్మనెంట్ అకౌంట్స్ ఉద్యోగమా? ఇంజినీర్లను తీసేసినంత తేలిగ్గా అకౌంట్స్ మనుషుల్ని తీయరు. ప్రతి ఊళ్లోనూ, పది మంది ఉన్న వడ్రంగి కంపెనీలో కూడా లెక్కలు రాసే మనిషి కావాలి.

మ్యూనిక్_బావ

ఆటో బ్రదర్, ఆ బీ2 వచ్చేసరికి ఏడాదిన్నర పడితే? అంతవరకు ఈఎంఐ ఎవరు కడతారు? మీరందరూ గమ్యం గురించి చెబుతున్నారు. నేను నెలాఖరు గురించి చెబుతున్నాను.

నెక్కర్_తీరం

నెలాఖరు లెక్కే చూద్దాం బావగారూ, అది చూడకుండా సలహా ఇవ్వడం తప్పే.

భార్య ఇండియాలో ఉన్నంతకాలం భర్త జీతంలో పన్ను పెళ్లికానివాడి రేటుకే కోస్తారు. ఆవిడ వచ్చి చిరునామా నమోదయ్యాక ఇద్దరూ కోరుకుంటే ఆయన్ని కోత తక్కువ ఉండే టాక్స్ క్లాస్ 3లోకి, ఆవిడను కోత ఎక్కువ ఉండే 5లోకి మార్చుకోవచ్చు. ఆవిడకు సంపాదన లేకపోతే ఆయన చేతికొచ్చే జీతం మార్పు అడిగిన తర్వాతి నెల నుంచే బాగా పెరుగుతుంది. ఇక ఆరోగ్య బీమా. ఆయన ప్రభుత్వ పద్ధతి బీమాలో ఉంటే సంపాదన లేని భార్యను అదనంగా కట్టకుండానే అందులో చేర్చుకోవచ్చు. ఇది ఆయన చేరేరోజే చూసుకోవాల్సిన విషయం. జీతం ఒక స్థాయి దాటిన కుర్రాళ్లను ఏజెంట్లు పట్టుకుని "ప్రైవేటు బీమా చవక" అని చెబుతారు. ఒంటరివాడికి మొదట్లో చవకే. ప్రైవేటులో భార్యకు, రేపు పుట్టే పిల్లలకు తలా ఒక పాలసీ కట్టుకోవాలి. వెనక్కి రావడం కూడా అంత తేలిక కాదు. కుటుంబంతో స్థిరపడాలనుకునేవాళ్లు ఆ సంతకం చేయకుండా ఉంటేనే మంచిది.

ఈ రెండూ కలిపి చూస్తే, భార్య చదువుకునే ఏడాది ఇంటి మీద పడే భారం బయటికి కనిపించేంత ఉండదు. ఆవిడ ఏదో చిన్న ఫుల్‌టైం పనిలో చేరితే చేతికొచ్చేది ఎంత? కోతలు, క్లాస్ 5 పన్ను పోగా మిగిలేది చూసి, దాని కోసం భాషను వెనక్కి నెట్టాలా అని అడగండి.

లెక్కల_టీచర్

నెక్కర్ తీరం గారి మాటకు ఒక హెచ్చరిక జోడించాలి. 3/5 అనేది భార్యకు సంపాదన లేనప్పుడు మంచిదే. ఆవిడ ఉద్యోగంలో చేరాక కూడా అలాగే వదిలేస్తే ఆవిడ చేతికొచ్చే జీతం తక్కువగా కనపడుతుంది. నిరుద్యోగ భృతిని, పిల్లలు పుట్టాక ఇచ్చే ఎల్టర్‌గెల్డ్‌ను ఆ చేతికొచ్చే జీతాన్ని బట్టే లెక్కగడతారు. మన ఇళ్లలో చాలామంది భర్తలు దీన్ని గమనించరు. ఉద్యోగం రాగానే ఇద్దరికీ ఒకే రేటు ఉండే 4/4కి మార్చుకోవడం ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతి. పిల్లల ఆలోచన ఉంటే ఇంకా ముందే మార్చుకోవాలి, గర్భం వచ్చాక తొందరపడితే ఆలస్యమైపోతుంది.

ఓరుగల్లు_నర్స్

మా ఇంట్లో కథ తిరగబడింది. వీసా నాది, నా వెనక వచ్చింది మా ఆయన. నేను నర్సుని. మా వృత్తిలో భాష ముందా ఉద్యోగం ముందా అన్న ప్రశ్నే రాదు, మా చదువుకు ఇక్కడ గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 కావాల్సిందే. తెలంగాణలో విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా వచ్చే నర్సులు కూడా అక్కడే జర్మన్ నేర్చుకుని విమానం ఎక్కుతారు. అంత చదివి వచ్చినా మొదటి వారం వార్డులో ఒక పెద్దాయన నన్ను ఏదో అడిగితే ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇక్కడి పెద్దవాళ్లు ష్వేబిష్ యాసలో మాట్లాడతారు, పుస్తకంలో భాషకూ దానికీ చాలా తేడా. ఆయన విసుక్కోలేదు. మంచినీళ్ల గ్లాసు వైపు వేలు చూపించి మళ్లీ నెమ్మదిగా చెప్పారు.

నేను చెప్పేది ఒకటే. ఈ ఏడాది లెక్క జర్మనీలో దిగిన రోజు నుంచి ఎందుకు మొదలుపెట్టాలి? మీ ఆయన వెళ్లాక మీకు హైదరాబాద్‌లో రెండు మూడు నెలలు ఉంటాయి. బంజారాహిల్స్‌లో గోథె సెంటర్ ఉంది, ఏ1 అక్కడే పూర్తి చేసుకోండి. ఇక్కడికి వచ్చాక ఇంటిగ్రేషన్ కోర్సులో ముందు స్థాయి చూసి కూర్చోబెడతారు, మొదటి మెట్టు నుంచి చదవక్కర్లేదు. ఆ మేరకు ఏడాది తగ్గుతుంది, మ్యూనిక్ అన్నకు కూడా అభ్యంతరం ఉండదు.

మా ఆయన డిప్లొమా మెకానికల్. ఇంటి దగ్గర ఉండి చదువుకున్నన్నాళ్లూ ఊరి నుంచి ఫోన్ వస్తే చాలు, "ఇంకా ఉద్యోగం రాలేదా" అనేదే మొదటి ప్రశ్న. ఆయన ఫోన్ ఎత్తడం మానేశారు. అప్పుడు నేనే మా మామగారితో మాట్లాడి, ఆయన పరీక్షకు చదువుతున్నారు, అది ఇంటి పనే, ఖర్చు నేను పెట్టుకుంటున్నాను అని చెప్పాను. ఆ తర్వాత అడగలేదు. అకౌంట్స్ అక్కా, మీ అత్తగారికి ఈ మాట మీ ఆయన చెప్పాలి. మీరు చెబితే జవాబివ్వడం అంటారు.

పేరు_వద్దు

ఇంతసేపూ డబ్బు గురించే మాట్లాడుకున్నారు. నాకు చెప్పాల్సింది వేరే ఉంది.

భాష రాని రోజుల్లో ప్రతి ఉత్తరం మా ఆయన చదివి చెబితేనే నాకు తెలిసేది. బ్యాంకు, బీమా, ఇల్లు, డాక్టరు అన్నీ ఆయన నోటి నుంచే. ఆయన నాకు ఏం చెప్పారో, ఏం చెప్పలేదో తెలుసుకునే దారి లేదు. ఇంట్లో పరిస్థితి పాడయ్యాక బయటికి వెళ్లి ఎవరితో చెప్పుకోవాలో కూడా తెలియలేదు. అందరి భర్తలూ ఇలా ఉంటారని అనడం లేదు. ఇక్కడ రాస్తున్న అన్నయ్యలు మంచివాళ్లే. అయినా ఒక ఆడపిల్ల కొత్త దేశానికి వెళ్లేటప్పుడు ఈ రెండు విషయాలు తెలిసి ఉండాలి.

భార్యగా వచ్చిన పర్మిట్ మామూలుగా భర్తతో ముడిపడి ఉంటుంది. జర్మనీలో ఇద్దరూ మూడేళ్లు కాపురం చేశాక విడిపోతే సొంతంగా ఉండే హక్కు వస్తుంది. హింస లాంటి తీవ్రమైన కారణాలుంటే మూడేళ్లు నిండకపోయినా ఆ హక్కు ఇచ్చే వీలు చట్టంలో ఉంది. "నన్ను వదిలితే రేపే ఇండియా పంపేస్తారు" అని ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి, లాయర్‌ని అడగండి. రెండోది, 116 016 నంబరు. హింసకు గురయ్యే ఆడవాళ్ల కోసం పగలూ రాత్రీ ఉచితంగా పనిచేస్తుంది, అనేక భాషల్లో మాట్లాడతారు.

నేను క్లాసులో చేరిన తర్వాతే ఈ నంబరు గురించి తెలిసింది, టీచర్ గోడ మీద అంటించి ఉంచారు. అందుకే నేను భాష వైపు.

మ్యూనిక్_బావ

చెల్లెమ్మా, ఇంత ధైర్యంగా రాసినందుకు నమస్కారం. దీనికి నా దగ్గర ఎదురు వాదన లేదు, ఉండకూడదు.

ఒక్క విషయం స్పష్టం చేస్తాను. భాష వద్దని నేను అనలేదు. ఏడాదంతా పూర్తిగా సంపాదన లేకుండా ఉండటం ప్రతి ఇంటికీ కుదరదన్నాను, ఇప్పటికీ అదే అంటున్నాను. పొద్దున క్లాసు, వారంలో రెండు మూడు సాయంత్రాలు మినీజాబ్ పెట్టుకోండి. 2026లో నెలకు 603 యూరోల దాకా మినీజాబ్ కిందికి వస్తుంది, అది ఒక్కటే అయితే భర్త బీమాలోనే కొనసాగవచ్చు. సరుకులు, ఫోన్ బిల్లు దాంతో వెళ్లిపోతాయి. ఆ అమ్మాయి చేతిలో తన సొంత డబ్బు ఉంటుంది. పేరు వద్దు చెల్లెమ్మ రాసింది చదివాక, చేతిలో సొంత డబ్బు, సొంత బ్యాంకు ఖాతా కూడా భాష అంత ముఖ్యమనే నాకు అనిపిస్తోంది.

లెక్కల_టీచర్

ఇది నేనూ ఒప్పుకుంటాను బావగారూ. గోడౌన్‌లో మాత్రం వద్దు. బేకరీ కౌంటర్ చూడమ్మా, లేదా బడి క్యాంటీన్. రొట్టె అడిగే ప్రతి మనిషితో నాలుగు మాటలు మాట్లాడాలి. ఏ2 వచ్చాక చేరితే సరిపోతుంది. నవంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది, ఆదివారం దుకాణాలుండవు, మనసు బాగుండదు. అలాంటి రోజుల్లో వెళ్లడానికి ఒక చోటు, పేరు పెట్టి పలకరించే నలుగురు మనుషులు కావాలి. మన తెలుగువాళ్లు కలిసే చోటికి కూడా వెళ్లు, ఉగాదికీ వినాయక చవితికీ ఇళ్ల దగ్గర కలుస్తుంటారు. అక్కడికే పరిమితం అయిపోకు.

కూకట్‌పల్లి_అకౌంట్స్

అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇదంతా మా ఆయనకు చదివి వినిపించాను. పేరు వద్దు అక్క రాసింది విని ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నా పేరు మీద వేరే ఖాతా తెరవడం మొదటి నెలలోనే చేద్దామన్నారు.

ప్రస్తుతానికి అనుకున్నది ఇది. ఆన్‌లైన్ ఆలోచన వదిలేశాం, మా కంపెనీ లీగల్ వాళ్లు కూడా కుదరదన్నారు. గోథె సెంటర్‌లో ఏ1 బ్యాచ్‌కు పేరిచ్చాను. అక్కడికి వెళ్లాక పొద్దుటి ఇంటిగ్రేషన్ కోర్సు, ఏ2 తర్వాత మినీజాబ్. మియాపూర్ ఫ్లాట్‌కు తాళం వేసి ఉంచాలనుకున్నాం, ఇప్పుడు అద్దెకు ఇస్తున్నాం, ఈఎంఐలో సగానికి పైగా దాంతో వస్తుంది. బెర్లిన్ చెల్లీ, మా కంపెనీ ఎస్‌ఏపీలోకి మారినప్పుడు ఆ పని చేసినవాళ్లలో నేనూ ఉన్నాను, పాత లెడ్జర్లు అందులోకి ఎక్కించింది మా టీమే. అలాంటి ఇంగ్లీషు ఉద్యోగం దొరికితే కోర్సు మధ్యలో ఆపాలా వద్దా అనే దగ్గర మేమిద్దరం ఇంకా ఒక మాట మీదికి రాలేదు. ఆయన ఆపమంటారు, నేను బీ1 అయ్యేదాకా ఆపనంటున్నాను. ఆయన కూడా నాతో పాటు బీ1 రాయడానికి ఒప్పుకున్నారు. మా అత్తగారితో ఆయనే మాట్లాడతానన్నారు, ఆదివారం వెళ్తున్నాం.

బెర్లిన్_తెలుగమ్మాయి

ఎస్‌ఏపీలో లెడ్జర్లు ఎక్కించిన అనుభవం ఉంటే మీరు అనుకున్నదానికంటే గట్టిగా ఉన్నారు అక్కా. అలాంటి ఆఫర్ వస్తే నేనైతే కోర్సు ఆపి చేరతాను. బీ1 వచ్చే ఏడాది కూడా ఉంటుంది.

నెక్కర్_తీరం

నేనైతే ఆపను. ఆఫర్ వస్తే వారానికి ఇరవై గంటలతో మొదలుపెడతానని అడిగి చూడండి, ఇక్కడ పార్ట్‌టైం అడగడం తప్పు కాదు.

వెళ్లేముందు ఒక చిన్న పని మీవారికి చెప్పండి. ఇల్లు తీసుకునేటప్పుడు ఇంటి ఓనర్ సంతకం చేసి ఇచ్చే కాగితం లేకపోతే చిరునామా నమోదు చేయరు. ఆయన ఒక్కరి పేరుతో ముందే తీసుకుని ఉంటే, మీరు వచ్చాక మీ పేరుతో మళ్లీ ఒకటి తీసుకోవాలి. ఇంకా, ఇక్కడ పోస్టు డబ్బా మీద ఉన్న ఇంటిపేరు చూసి ఉత్తరం వేస్తారు, ఫ్లాట్ నంబరు చూసి కాదు. పాస్‌పోర్టులో మీ ఇంటిపేరు పుట్టింటిదే అయితే డబ్బా మీదా, కాలింగ్ బెల్ మీదా మీ ఇద్దరి ఇంటిపేర్లూ రాయించండి. లేకపోతే రెసిడెన్స్ కార్డు గురించి, కోర్సు గురించి మీ పేరున వచ్చే ఉత్తరాలు తిరిగి వెళ్లిపోతాయి.